పెరటి కొలను

నల్లపాడు పరిసరములు నల్లరేగడి సీమ. వానకాలమున కాలికి బంకవలె నంటుకొను నీ నేల, వేసవి రాగానే బీటలు వాఱి, చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తియు మిరపయు నీ నేలకు సిరులు. చెంత నది లేదు. కాలువ నీరు వచ్చి చెఱువు నిండిన దినమే పండుగ. ఇట్టి చోట నింటి పెరటిలో తామరలు పూయుననియు, వాని నీడను చేపలు తిరుగుననియు చెప్పినచో కొందఱు నవ్వుదురేమో. కాని మూడడుగుల గాబొకటి, నాలుగు తట్టల మన్ను, కొంచెము నోర్పు, ఇవి యున్న యింట చిన్న కొలనొకటి తప్పక యుండగలదు. దానిని పెంచు విధమును, కాపాడు విధమును మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ విద్యను నేను మొదట పుస్తకములవలన నేర్వలేదు. ఒక తప్పు చేసి నేర్చితిని. కొన్ని యేండ్ల క్రిందట మా పెరటి గాబులో తొమ్మిది చిన్నచేపలను పెంచుచుంటిమి. రెండు నెలలు గడచునప్పటికి నీటికి పచ్చని చాయ వచ్చెను. గోడలకు నాచు పట్టెను. అది చూచి, ఇల్లు శుభ్రము చేసినట్లే దీనిని గూడ శుభ్రము చేయవలెనని తలచి, ఒక సెలవునాడు గాబంతయు తోడివేసి, గోడలను కొబ్బరిపీచుతో తోమి, అడుగునున్న బురదను పాఱబోసి, గులకరాళ్లను కడిగి యెండబెట్టి, కుళాయి నీటితో నింపి, సాయంకాలమునకు చేపలను మరల విడిచితిని. నీరు అద్దమువలె నుండెను. అడుగుననున్న రాళ్లను లెక్కింపవచ్చును. మఱునాటి యుదయమున రెండు చేపలు వెల్లకిల తేలియుండెను. నాలవనాటికి మఱి యైదు చచ్చెను. మా చిన్నపిల్ల గాబు నంచున నిలువబడి, కన్నీరు తుడుచుకొనుచు, “నాన్నగారూ! నీరింత తేటగా నున్నది గదా, చేపలేల చచ్చినవి?” అని యడిగెను. ఆ ప్రశ్నకు నాకప్పుడు సమాధానము తోచలేదు. తరువాత చదివియు, పెద్దల నడిగియు, ప్రతిదినము గాబును కనిపెట్టి చూచియు తెలిసికొన్న సమాధానమే యీ వ్యాసము.

తేటనీరును బ్రతికిన నీరును

నీరు కంటికి తేటగా నుండుట వేఱు; జీవులను పోషింప శక్తి కలిగియుండుట వేఱు. ఈ భేదమును గ్రహించుటకు మనుష్యులకు చాలకాలము పట్టినది. 1771వ సంవత్సరమున జోసెఫ్ ప్రీస్ట్లీ యను నాంగ్లేయ శాస్త్రజ్ఞుడు, మూసిన గాజుపాత్రలో దీపము వెలుగుటచే చెడిన గాలిని పుదీనా మొక్క మరల బాగుచేయునని కనుగొనెను. అట్లు బాగుచేయుటకు మొక్కకు వెలుతురు కావలయుననియు, ఆ పని పచ్చని భాగములే చేయుననియు 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ యను వైద్యుడు చూపెను.

ఇక 1849–50 సంవత్సరములలో లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో నీరు, ఇసుక, మన్ను వేసి, రెండు బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. కొన్నాళ్లు అన్నియు బాగుగానే యుండెను. పిమ్మట మొక్క యాకులు కుళ్లి, నీరు మసకబాఱి, చేపలకు ప్రమాదము వచ్చెను. అప్పుడాయన కొన్ని చెఱువు నత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్లిన యాకులను తినివేసెను. వాని గ్రుడ్లు చేపలకు మేతయయ్యెను. నీరు మరల తేటపడెను. చేప మొక్కకును, మొక్క చేపకును, నత్త యీ రెండింటికిని తోడై నిలిచినవి. ఒకదానిని తీసివేసినచో తక్కినవి నిలువవు. మన పెరటి కొలనికి మూలసూత్రమిదియే.

కంటికి కనబడని మఱికొందఱు సేవకులు గూడ నా నీటిలో గలరు. చేప తన మొప్పలనుండి అమ్మోనియా యను పదార్థమును విడుచును. మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. అమ్మోనియా కొంచెము పెరిగినను చేపకు విషము. అయితే బురదయందును, రాళ్లకును గోడలకును పట్టిన జిగురునందును నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, వేఱొక జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రైటు గూడ విషమే; నైట్రేటు మాత్రము మొక్కలకు ఎరువు. ఈ సూక్ష్మజీవుల వృత్తాంతమును 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. క్రొత్త గాబులో నివి తగినన్ని పెరుగుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును.

ఇప్పుడు మా చేపల చావునకు కారణము స్పష్టము. కుళాయి నీటిలో క్రిములను చంపుటకై కలుపు క్లోరిను మొదటి రెండు చేపల మొప్పలను కాల్చెను. తోమివేసిన గోడలతోను, పాఱబోసిన బురదతోను అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు పోయెను గనుక, తక్కిన యైదు తమ విసర్జనము చేతనే విషమెక్కి చచ్చెను. నేను శుభ్రమని తలచినది వాని యింటిని కూల్చుటయే యయ్యెను.

గాబు, దాని స్థానము

మూడడుగుల వెడల్పును, రెండడుగుల లోతును గల సిమెంటు గాబు చాలును. అడుగు కట్టిన బావివరయైనను పనికివచ్చును. పిల్లలు లెక్క కట్టి చూడవచ్చును: మూడడుగుల వ్యాసముగల గుండ్రని గాబులో నడుగున్నర నీరున్నచో సుమారు పదిన్నర ఘనపుటడుగులు, అనగా 300 లీటర్లు పట్టును. మన్ను వేసిన మేరకు కొంత తగ్గును. ఇంతకంటె చిన్న పాత్రలో నీరు త్వరగా కాగును, త్వరగా చల్లబడును. ఆ మార్పును చేపలు సహింపలేవు.

గాబును రేగడినేలలో పాతిపెట్టరాదు. ఈ మన్ను తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుంచించుకొనును. ఆ లాగుడునకు సిమెంటు పగులును. నేలను చదునుచేసి, జానెడు మందమున ఇసుకయు కంకరయు పఱచి, దానిమీద గాబు నుంచుట మేలు. క్రొత్త సిమెంటునుండి సున్నపు క్షారము నీటిలోనికి దిగును. కావున మొదట నీరు నింపి వారము దినములుంచి పాఱబోయవలెను. ఇట్లు మూడుమాఱులు చేసిన పిదపనే మొక్కలను, ఆ పిమ్మటనే చేపలను ఉంచవలెను. నానబెట్టునప్పుడు అరటిబోదె ముక్కలు వేయు వాడుకయు కలదు.

తామరకును కలువకును దినమునకు ఐదాఱు గంటల యెండ కావలయును. కాని మన యెండ సామాన్యమైనది కాదు. వైశాఖ జ్యేష్ఠములలో 45 డిగ్రీల వేడిమిని గుంటూరువారు ఎఱుగుదురు. కాబట్టి ప్రొద్దుటి యెండ పూర్తిగా పడి, మధ్యాహ్నము మూడు గంటల తరువాత గోడనీడయో యింటినీడయో వచ్చు చోటు శ్రేష్ఠము. చెట్టుక్రింద నుంచినచో రాలిన యాకులు నీటిలో కుళ్లును.

ఒక హెచ్చరిక. అడుగున్నర నీరు పెద్దలకు మోకాటి బంటి, పసిబిడ్డకు ప్రాణాపాయము. నడక నేర్చు పిల్లలున్న యింట గాబుమీద నినుపచువ్వల చట్రము తప్పక బిగింపవలెను.

మన్నును నీరును

తామరకు జిగట మన్నే యిష్టము గనుక మన రేగడి యిందులకు తగినదే. అయితే మిరపచేనిలోనిదియు ప్రత్తిచేనిలోనిదియు తేవలదు. అందు పురుగుమందుల శేషముండవచ్చును. చెఱువునుండి తీసిన ఒండ్రుమన్ను మేలు. అందులో బాగుగా చివికిన పశువుల ఎరువును పదింట నొకపాలు అడుగుపొరలో మాత్రము కలిపి, పైన ఉత్తమన్ను జానెడు వేసి, దానిపై రెండంగుళముల యిసుక పఱచవలెను. పచ్చి పేడ వేసినచో నీరు కుళ్లును. ఇతర మొక్కలకు మేలుచేయు వేపపిండి యిచ్చట పనికిరాదు. అది నీటిలో నూఱినచో చేపలకు హానికరము.

కుళాయి నీటిని గాని, బ్లీచింగు పొడి కలిపిన నీటిని గాని వెడల్పు మూతిగల పాత్రలలో ఒక దినమంతయు ఎండలో నిలువనిచ్చి వాడవలెను. క్లోరిను గాలిలో కలిసిపోవును. వాననీరు అన్నిటికంటె ఉత్తమము. బోరునీటి విషయమున నొక సూక్ష్మము గలదు. మన ప్రాంతమున పెక్కు బోర్లలో ఉప్పుదనముండును. ఎండకు నీరు మాత్రమే ఆవిరియగును గాని ఉప్పు పోదు. మూడడుగుల గాబులో నొక సెంటీమీటరు తగ్గినచో ఆఱున్నర లీటర్లు పోయినట్లు. ఆ లోటును దినదినము బోరునీటితోనే పూడ్చుచున్నచో వేసవి ముగియునప్పటికి గాబులోని నీరు బావిలోని దానికంటె ఎంతో ఉప్పనగును. కావున పదిదినముల కొకసారి అయిదింట నొకపాలు నీరు తోడి, ఆ మేరకు నిలువయుంచిన నీరు పోయవలెను. తోడిన నీటిని మల్లెపాదులకో, అరటిచెట్టునకో పోసినచో ఎరువునీరగును. గాబంతయు ఒక్కసారి తోడుట మాత్రమెన్నడును కూడదు.

తామర, కలువ, నాచు

తామరను కలువను ఒకటిగా భావించువారు పెక్కుమంది కలరు. తామరాకు గుండ్రని పళ్లెము. కాడ దాని నడిమికి తగులును. ముదిరిన యాకు నీటికి పైగా లేచి నిలుచును. కలువాకునకు కాడ దగ్గఱ చీలిక యుండును. అది నీటిమీదనే పరుండును. తామర ప్రొద్దున విచ్చును. ఎఱ్ఱకలువ రాత్రి విచ్చి, మఱునాటి ప్రొద్దెక్కినపుడు ముడుచుకొనును. కనుకనే మన కవులు తామరకు సూర్యుని, కలువకు చంద్రుని చెలికానిగా చెప్పిరి. నీలికలువ మాత్రము పగలే పూయును. నేటి వృక్షశాస్త్రజ్ఞులు వంశక్రమమును పరిశోధించి, తామరకు కలువ చుట్టము కాదనియు, నీటితో నిమిత్తము లేని కొన్ని చెట్లకే తామర దగ్గఱ బంధువనియు నిశ్చయించియున్నారు. ఒకే నీటిలో పెరుగుటచే పోలిక వచ్చినదే గాని పుట్టుకచే కాదు.

తామరను దుంపతో నాటుట సులభము. దుంప మొలకమొన విఱిగినచో అది మొలవదు గనుక, దానిని పసిబిడ్డవలె పట్టుకొని, మన్నులో నడ్డముగా పరుండబెట్టి, మొన మాత్రము పైకుండునట్లు కప్పవలెను. మొదట మూడంగుళముల నీరే చాలును. ఆకులు లేచినకొలది పెంచుకొనిపోవలెను. దుంప గాబంతయు ప్రాకును గనుక, వెడల్పైన చిన్న తొట్టిలో నాటి ఆ తొట్టిని గాబులో దించుట మంచిది. మూడడుగుల గాబునకు తామరయో, కలువయో, ఏదేని నొకటియే తగును. ఎండిన తామరకాడను నీటికి పైననే కోయవలెను. కాడలో గాలిగొట్టములు గలవు. నీటిక్రింద కోసినచో వానిగుండా నీరు దిగి దుంప కుళ్లును.

విత్తుతో పెంపదలచినవారు నల్లని విత్తును మొన లేని వైపున గరకుఱాతిపై లోపలి తెల్లదనము కనబడువఱకు నఱుగదీసి, నీటిలో వేసి, దినమున కొకసారి నీరు మార్చవలెను. వారము లోపల పచ్చని మొలక వచ్చును. ఆ పెంకు ఎంత గట్టిదనగా, చీనా దేశమున నొక యెండిన సరస్సు అడుగున దొరికిన సుమారు 1,300 యేండ్ల నాటి తామరవిత్తు మొలచినదని 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

తామరాకుమీద నీటిబొట్టని మనము చెప్పుకొను మాటలోని మర్మమును 1997లో జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అనువారు వివరించిరి. ఆకుపై కంటికందని బొడిపెలును, మైనపు పూతయు గలవు. నీటిబొట్టు వానిపై నిలువలేక దొరలుచు, దుమ్మును తనతో తీసికొనిపోవును. ఆకు మీద చారెడు నీరు పోసి పిల్లలు దీనిని స్వయముగా చూడవచ్చును.

నీటిలో మునిగి పెరుగు నాచుమొక్కలను గూడ రెండు పిడికిళ్లు వేయవలెను. అవి పగలు నీటిలోనికే ప్రాణవాయువును విడుచును. నీరు మరీ పచ్చబడినచో దానికి కారణము కంటికి కనబడని సూక్ష్మమైన పాచి. ఎండయు ఎరువును మితిమీరినపుడు అది పెరుగును. మందులు వేయ నక్కఱలేదు. ఆకులు నీటి తలములో సగముకంటె కొంచెమెక్కువ కప్పునట్లు చూచి, మేత తగ్గించినచో కొన్ని వారములకు తనంతట తగ్గును.

చేపలును వాని మేతయు

మొక్కలు నాటిన నెల తరువాత చేపలను విడువవలెను. మన వాగులలోని చిన్న పరిగెలు, నెత్తిమీద వెండిచుక్కతో నీటి పైపైన తిరుగు చిన్నచేపలు, అంగళ్లలో దొరకు గప్పీలు, చారల జీబ్రాచేపలు మన వేడిమికి తాళును. జీబ్రాచేప మన దేశపు వాగులలోనిదే. అది నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలలో వైద్యపరిశోధనకు తోడ్పడుచున్నది. కొఱమీను పిల్లను మాత్రము ముచ్చటపడి వేయరాదు. అది పెరిగి తక్కినవానిని మ్రింగును. మూడువందల లీటర్లకు పది పండ్రెండు చిన్నచేపలు చాలును. ఒక్కసారి కాక, మొదట నాలుగు, రెండు వారములకు మఱి నాలుగు, ఇట్లు చేర్చినచో సూక్ష్మజీవులు గూడ క్రమముగా పెరిగి భారమును మోయగలవు. తెచ్చిన సంచిని అరగంటసేపు గాబునీటిలో తేలనిచ్చి, వేడిమి సమానమైన పిదప విడువవలెను.

మేత విషయమున ప్రేమయే శత్రువు. చేప తన శరీరమును వెచ్చగా నుంచుకొన నక్కఱలేని జీవి గనుక దానికి కొంచెము చాలును. దినమున కొకసారి, రెండు మూడు నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెను. మెత్తని తవుడు, పొడిచేసిన వేరుశనగ చెక్క, అంగటి మేత యేదైనను సరియే. ఇంటిలోని వారందఱు తలకొక పిడికెడు అన్నము వేయుటవలన చచ్చిన చేపలు ఆకలిచే చచ్చినవానికంటె ఎక్కువ. పండుగకు నాలుగు దినములు ఊరికి వెళ్లినచో వానికి మేత లేకపోయినను భయములేదు.

వేసవి, తెల్లవాఱుజాము

నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల యొద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లిగ్రాములు, 30 డిగ్రీల యొద్ద ఏడున్నర, 35 డిగ్రీల యొద్ద ఏడు మిల్లిగ్రాములే నిలుచును. అదియుగాక మొక్కలు పగలు ప్రాణవాయువును విడుచునే గాని, రాత్రి మనవలెనే దానిని పీల్చి బొగ్గుపులుసుగాలిని విడుచును. కావున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా నుండు వేళ తెల్లవాఱుజాము. కొల్లేటి ప్రాంతపు చేపల చెఱువుల రైతులు ఆ వేళనే చెఱువుగట్టు నంటియుండుటకు కారణమిదే. వేసవిలో మీరును ఆ వేళ లేచి చూడుడు. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచుచున్నచో, చెంబుతో నీరు ముంచి మూరెడు ఎత్తునుండి పదినిమిషములు ధారగా పోయుడు. కుళ్లిన యాకులను తీసివేయుడు. ఆ దినము మేత వేయకుడు. మధ్యాహ్నమున తడిపిన గోనెపట్టా నొకవైపు నీడగా కట్టుడు.

దోమల మాట

నిలువనీరు పెట్టినచో దోమలు రావా యని తల్లిదండ్రు లడుగుదురు. న్యాయమైన ప్రశ్న. మలేరియా రోగబీజము దోమ కడుపులో పెరుగుచున్న సంగతిని రొనాల్డు రాసు కనుగొన్నది మన తెలుగుదేశముననే, సికిందరాబాదులో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన. అందులకే 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. వేడినీటిలో దోమ గ్రుడ్డు రెక్కలు గల దోమ యగుటకు వారము పదిదినములు చాలును. చేపలున్న గాబులో దోమపిల్లలు మిగులవు. వాని కంటె రుచియైన మేత చేపకు లేదు. ప్రమాదము చేపలు లేని గాబుననే, మఱియు గాబు చుట్టునుండు కొబ్బరిచిప్పలు, పగిలిన కుండలు, పూలకుండీల క్రింది పళ్లెములు, పాతటైర్లలోనే. డెంగీని తెచ్చు దోమ పగలు కుట్టును. దాని గ్రుడ్లు పాత్ర గోడకంటుకొని నీరెండినను నెలల తరబడి చావక, వాన పడగానే పొదుగును. కావున చిన్నపాత్రలను వారమునకొకసారి తలక్రిందు చేయుటయే గాక లోపల తోముటయు అవసరము. మొక్కలు నాటి చేపలు విడువని మొదటి నెలలో గాబుపై సన్నని దోమతెఱ కప్పవలెను.

విషము, విడుదల

మన సీమలో పెరటి కొలనికి అన్నిటికంటె పెద్ద ముప్పు మన పంటలనుండియే వచ్చుచున్నది. ప్రత్తికిని మిరపకును కొట్టు పురుగుమందులలో పైరిత్రాయిడు జాతివి మనుష్యునికి చేయు కీడుకంటె చేపకు చేయు కీడెన్నోరెట్లెక్కువ. వందకోట్ల పాళ్ల నీటిలో కొద్దిపాళ్లున్నను చేపలు చచ్చును. ఒకప్పుడు మన చేలలో విరివిగా వాడిన ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు నిషేధించినది. అదియు చేపలకు ఘోరవిషమే. కావున పొలమునుండి వచ్చినవారు చేతులు, బట్టలు, మందు డబ్బాలు గాబు దాపున కడుగరాదు. మందు కొట్టిన చేతితో మేత వేయరాదు. దగ్గఱి చేలో మందు కొట్టు దినమున గాబుపై గుడ్డ కప్పవలెను. పెరటి గాబునకు చెల్లిన యీ మాట ఊరిచెఱువునకును చెల్లును. స్ప్రేయరును చెఱువులో కడుగువాడు తన పశువులు త్రాగు నీటినే చెఱచుచున్నాడు.

రెండవ మాట. పెంచి విసిగిన చేపలను, మొక్కలను కాలువలోగాని చెఱువులోగాని విడువరాదు. దయతో విడిచితిమనుకొందుము, అది దయ కాదు. దక్షిణ అమెరికానుండి అలంకారమునకై వచ్చిన గుఱ్ఱపుడెక్క నేడు మన కాలువలను ఏ తీరున కప్పియున్నదో యెల్లవారు నెఱుగుదురు. దోమలకై 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూజియా చేప, దోమపిల్లలతోపాటు దేశవాళి చేపల గ్రుడ్లను పిల్లలను గూడ తినుచున్నది. గాజుతొట్లలో పాచి తినునని తెచ్చిన గట్టిపొలుసుల చేప, జాలరులు డెవిల్ ఫిష్ అని తిట్టునది, ఆంధ్రదేశపు నీళ్లలో వ్యాపించి వలలు చింపుచున్నది. అధికమైన మొక్కలను ఎండబెట్టి ఎరువు చేయుడు. అధికమైన చేపలను పొరుగువారికిండు.

మనకు సమీపముననే యుప్పలపాడను గ్రామము గలదు. అచ్చటి ఊరిచెఱువులోని చెట్లమీద గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వేలకొలది చేరి గూళ్లు కట్టుకొనును. గ్రామస్థులు వానిని చెదరగొట్టక కాపాడుచున్నారు. ఆ చెఱువున నీరు లేకున్న పక్షులు లేవు. చుట్టునున్న నీళ్లలో చేపలు లేకున్న వాని పిల్లలకు తిండి లేదు. మన గాబులో మూడడుగుల మేర చూచు సంబంధమే అచ్చట ఊరంత మేర కనబడును. సెలవులలో పోయి చూచి రండు.

విద్యార్థులారా! ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనుడు. ప్రతిదినము నీటి మట్టము, ఉదయపు వేడిమి, విచ్చిన పూలు, కనబడిన చేపల సంఖ్య వ్రాయుడు. ఏడాది నిండునప్పటికి ఏ గ్రంథమును చెప్పని సంగతులు మీ చేతి వ్రాతలోనే మీకు దొరకును. మా యింట నాడు మిగిలిన రెండు చేపలు మొదట మొక్కలు కలిపి, ఓర్పుతో సరిదిద్దిన నీటిలో కోలుకొని సంతతిని వృద్ధిచేసినవి. నీరు నేడద్దమువలె లేదు. లేత టీనీటి చాయ గలది. గోడలకు నాచు గలదు. అడుగున బురద గలదు. మా పిల్ల యిప్పుడు పెద్దదై, గాబు చూడవచ్చిన చెలికత్తెలు “నీరింత మురికిగా నున్నదేమి? తోడిపోయరాదా?” అని యడిగినపుడు, “అది మురికి కాదు, వాని యిల్లు” అని చెప్పుచుండగా వింటిని. నేను నాడు చెప్పలేకపోయిన సమాధానమదియే.